మేము బండి నేర్చుకున్న ఏడాది

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా, సీతాఫలాల రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం తను ఎక్కిన షేర్ ఆటో బోల్తా పడింది. కంగ్టి దగ్గరున్న మా పుట్టింటికి వెళ్ళి నారాయణఖేడ్‌కు తిరిగి వస్తోంది. మా అమ్మే ఆటో ఎక్కించి పంపింది. దారిలో టైరు పెద్ద చప్పుడుతో పగిలి, ఆటో రోడ్డు దిగి చేలోకి ఒరిగింది. నా బిడ్డకు భుజం దగ్గర ఎముక విరిగింది. పక్కన కూర్చున్న ముసలవ్వ అక్కడికక్కడే పోయింది.

ఆ రోజు గురించి ఇంతే చెప్తాను. నాకు రాయాలని ఉన్నది ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన సంగతులు. అప్పట్లో ఏడుపు తెప్పించినవే, ఇప్పుడు తలుచుకుంటే చాలావాటికి నవ్వొస్తుంది.

ఖేడ్ చివర మా ఇల్లు. నేను అంగన్‌వాడీ టీచర్ని. మా ఆయన మేస్త్రీ. పని హైదరాబాద్‌లో, శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోతాడు. మిగతా రోజులన్నీ ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళమే: నేను, నా బిడ్డ, మా అత్త. మా అత్తకు మోకాళ్ళు అరిగిపోయాయి కానీ గొంతు అరగలేదు. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే కుర్రాళ్ళు వాయించే డోలక్ కూడా వినపడదు.

ఎముక అతుక్కుంది. బిడ్డ మాత్రం మారిపోయింది. ఆటో ఎక్కదు, బస్సు ఎక్కదు. హారన్ మోగితే మెడ బిగుసుకుపోయేది. కుక్కర్ విజిల్ వేస్తే చేతిలో ఉన్నది కింద పడిపోయేది. సీతాఫలం వాసన తగిలితే ఇంట్లోంచి బయటికి వెళ్ళిపోయేది. చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తి గోడవైపు అలా చూస్తూ ఉండిపోయేది, పిలిస్తే పలికేది కాదు. పలికితే అరిచేది. "నీకేం తెల్సు? నీకేం తెల్వదు!" అని తలుపు వేసేది. ఆ తలుపు గొళ్ళెం ఆ ఏడాది మూడుసార్లు ఊడింది.

తెలిసినవాళ్ళందరూ తలో దారీ చెప్పారు. జడుసుకుంది అన్నారు. పాస్టరయ్య ఇంటికొచ్చి తల మీద చేయిపెట్టి ప్రార్థన చేశాడు. ఖాలా అని మేం పిలిచే పక్కింటి పెద్దావిడ దర్గా నుంచి తాయెత్తు తెచ్చింది. మా అత్త ప్రార్థన అయ్యాక ఎందుకైనా మంచిదని ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి, ప్రభువు ఏమనుకుంటాడోనని మళ్ళీ ఒక ప్రార్థన చేసుకుంది. ఎవరినీ కాదనలేదు నేను. అందరూ ప్రేమతో చేసిందే. కానీ ఏదీ పనిచేయలేదు.

చివరికి మా సూపర్‌వైజర్ మేడమ్ చెప్పింది, వారానికోసారి మన దవాఖానకు మనసుకు మందిచ్చే డాక్టరమ్మ వస్తుందని. నడిచి వెళ్ళే దూరమే కాబట్టి బిడ్డ వస్తానంది.

డాక్టరమ్మ చిన్నగా, బక్కపల్చగా ఉంది. మొదట బిడ్డతో ఒంటరిగా మాట్లాడి, తర్వాత నన్ను లోపలికి పిలిచింది. జబ్బుకు ఒక పొడుగాటి ఇంగ్లీషు పేరు చెప్పింది, పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని. నా ముఖం చూసి, విడమరిచి చెప్పింది.

"దెబ్బ మానిందని నీకు తెల్సు, నాకు తెల్సు. దీని మెదడుకు ఇంక తెలవలే. అది ఇంక గా ఆటోలనే కూసొని ఉన్నది. మనం దాన్ని మెల్లగ దించాలె. గుంజొద్దు, అట్లని ఆడనే ఇడిచిపెట్టి రావొద్దు."

నాకున్న అనుమానం అడిగేశాను. "మేడమ్, ఊకె కోపానికొస్తది. తలుపులు దబదబ ఏస్తది. ఇది జబ్బా, వయసా? నాకు సమజ్ అయితలేదు."

"రెండూ," అంది డాక్టరమ్మ. "మా ఇంట్ల ఒకడున్నడు. వానికి ఏ జబ్బు లేదు. తలుపు గట్లనే ఏస్తడు."

నా బిడ్డ పెదవి చివర కొద్దిగా కదిలింది. దవాఖాన నుంచి నడిచి వస్తూ, చాన్నాళ్ళ తర్వాత నేను బాగా ఊపిరి పీల్చుకున్నాను. పేరు తెలిసిన జబ్బుతో బతకవచ్చు అనిపించింది.

డాక్టరమ్మ మందులిచ్చింది, మాటలు నేర్పింది. మనసు ఆ ఆటోలోకి వెళ్ళిపోయినప్పుడు ఏం చేయాలో చెప్పింది. కళ్ళెదుట ఏం కనిపిస్తోంది, చేతికి ఏం తగులుతోంది, చెవికి ఏం వినిపిస్తోంది, పైకి చెప్పాలి. అప్పుడు మెదడుకు తను ఎక్కడుందో తెలుస్తుందట. నేను అడిగితే బిడ్డ చెప్పేది కాదు, విసుక్కునేది. ఈ విద్య మా అత్త చేతిలో పడ్డాకే పనిచేసింది.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మా గల్లీలో పెళ్ళి ఊరేగింపు వచ్చింది. బ్యాండు చప్పుడు ముందే వినపడింది గాని, మా ఇంటి ముందే పటాకుల లడీ వెలిగిస్తారని మాకెలా తెలుస్తుంది? మొదటి చప్పుడుకే బిడ్డ మా అత్త మంచం కింద దూరింది. అది పాతకాలపు ఎత్తు మంచం. దాని కింద ఉల్లిగడ్డల బస్తా, పప్పు డబ్బాలు, విరిగిన కుర్చీ, మా సంసారంలో మిగిలిపోయినవన్నీ ఉంటాయి. నేను మోకాళ్ళ మీద వంగి పిలిచాను. చెవులు మూసుకుని, కళ్ళు గట్టిగా బిగించి, వణుకుతోంది. నా మాట తనదాకా పోవడం లేదు.

మా అత్త నన్ను పక్కకు జరగమంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. ఆ మోకాళ్ళతో కింద కూర్చుంది, పడుకుంది, పాకింది. మొత్తానికి మంచం కింద బిడ్డ పక్కకు చేరింది.

"ఏం కనవడ్తుందే బిడ్డా?" అంది.

బయట పటాకులు పేలుతూనే ఉన్నాయి.

"నాకైతే ఉల్లిగడ్డలు కనవడ్తున్నయ్. డబ్బా కనవడ్తుంది. డబ్బా మీద బొద్దింక కనవడ్తుంది, దాని మీసాలు కనవడ్తున్నయ్. ఇంకేందిది... ఓ పిల్లా! నా చెప్పు! నా చెప్పు దొరికింది!"

ఆ చెప్పు పోయి నాలుగు నెలలైంది. పక్కింటి కుక్క ఎత్తుకుపోయిందని ఖాలాతో మాటలు కూడా మానేసింది మా అత్త. ఆ సంతోషంలో ఒక్కసారిగా పక్కకు తిరగబోయింది. నడుము పట్టేసింది. ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు.

"ఇగ నేను రాను. ఈడనే బొంద పెట్టుండ్రి," అంది.

తర్వాత మంచం కిందనుంచి నా బిడ్డ గొంతు వచ్చింది. "అమ్మా, నానమ్మ ఇరికింది. నువ్వు కాళ్ళు గుంజు, నేను ఇటుకెల్లి నూకుత."

నేను గుంజాను, బిడ్డ నెట్టింది. ఇద్దరూ తలనిండా ఉల్లిపొట్టుతో బయటికొచ్చారు. అప్పుడు చూస్తే బయట చప్పుడు లేదు. ఊరేగింపు ఎప్పుడు దాటిపోయిందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. మా అత్త ఆ చెప్పు పట్టుకుని తిన్నగా ఖాలా ఇంటికి వెళ్ళి కుక్కకు క్షమాపణ చెప్పి వచ్చింది.

అప్పటినుంచి అది వాళ్ళిద్దరి ఆట అయింది. బిడ్డ ముఖం తేడాగా కనిపిస్తే చాలు, మా అత్త ఎక్కడున్నా మొదలుపెట్టేది. "ఏం కనవడ్తుంది? నానమ్మ కనవడ్తుందా? నానమ్మ చేతిల రొట్టె కనవడ్తుందా? రొట్టె మాడింది, గది గూడ చెప్పు." బిడ్డ చెప్పేది. కోపంగానైనా చెప్పేది.

ఇంట్లో కొంత నెమ్మదించింది గాని బండ్ల భయం అలాగే ఉంది. బడికి నడిచే వెళ్ళేది, నడిచే వచ్చేది. రోడ్డు పక్కన కూడా కాదు, చేల గట్ల మీదుగా. డాక్టరమ్మ ఒక్కో మెట్టూ చెప్పింది. ఆగి ఉన్న బండి పక్కన నిలబడాలి. తర్వాత ముట్టుకోవాలి. తర్వాత కూర్చోవాలి. మా ఆయన మోపెడ్ వారమంతా వాకిట్లో ఖాళీగానే ఉండేది. బిడ్డ దాని పక్కన నిలబడేది గాని, ముట్టుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకునేది.

నాకొక ఆలోచన వచ్చింది. నేనే బండి నేర్చుకుంటే? పరాయివాడు నడిపే ఆటో కాదు, అమ్మ నడిపే బండి. నా వెనక కూర్చుంటుందేమో కదా. ఈ ఆలోచనలో ఒక్కటే ఇబ్బంది. నేను జన్మలో సైకిల్ కూడా తొక్కలేదు.

ఆదివారం చర్చి అయ్యాక మా ఆయన నేర్పడానికి ఒప్పుకున్నాడు. మా ఇంటికి కొంచెం దూరంలో ప్లాట్లు చేసి అమ్మకానికి పెట్టిన జాగా ఉంది. తారు రోడ్లు వేశారు, హద్దు రాళ్ళు పాతి తెల్లరంగు పూశారు. ఒక్క ఇల్లు కూడా లేవలేదు. మేకలు తప్ప ఎవరూ తిరగరు. మా అత్త ఒడినిండా వేయించిన పల్లీలు పోసుకుని, జాతర చూడబోయినట్టు వచ్చి ఒక హద్దు రాయి మీద కూర్చుంది. బిడ్డ ఇంకా దూరంగా, వేప చెట్టు కింద నిలబడింది.

మా ఆయన వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తుతున్నాడు. "ముందల చూడు! నన్ను చూడకు! ముందల చూడు!" ఆయన అరిచినకొద్దీ నేను వెనక్కి తిరిగి చూస్తున్నాను. రెండు ఆదివారాలు ఇలాగే గడిచాయి. మూడో ఆదివారం ఆయన క్యారియర్ వదిలేశాడు. వదిలేసిన సంగతి నాకు ఆయన గొంతు దూరమయ్యాక తెలిసింది. కంగారులో బ్రేక్ వేయబోయి యాక్సిలరేటర్ తిప్పాను.

బండి తారు రోడ్డు దాటింది, రాళ్ళ మధ్య నుంచి దూరింది, పక్కనున్న కంది చేలోకి వెళ్ళింది. కంది అప్పుడు నా తలకన్నా ఎత్తుంది, నిండా పచ్చని పూత మీద ఉంది. అందులో ఎంత దూరం వెళ్ళానో తెలియదు. బండి ఒకవైపు, నేనొకవైపు పడ్డాం. మెత్తటి రేగడి కాబట్టి దెబ్బ తగల్లేదు. పక్కన బండి మాత్రం పడుకునే గుర్రుమంటోంది, చక్రం గిర్రున తిరుగుతోంది.

కంది మొక్కలు విరుగుతున్న చప్పుడు వినపడింది. అందరికన్నా ముందు వచ్చింది నా బిడ్డ. వస్తూనే బండి మీదికి వంగి తాళంచెవి తిప్పి ఆపేసింది. "అమ్మా! ఏడ తాకింది? అమ్మా!" అంది. నేను లేచి కూర్చుని, ఏమీ కాలేదన్నాను. బిడ్డ నా తలవైపు చూసింది. కొప్పు నిండా కంది పూలు, నోట్లో మట్టి, ఒక కాలికే చెప్పు.

ముందు ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. పొట్ట పట్టుకుని చేలో కూలబడి నవ్వింది. "నువ్వు... బ్రేక్ అనుకొని... రేజ్ ఇచ్చినవ్!" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. ఏడాది పైనైంది ఆ నవ్వు విని. ఆ నవ్వు కోసమైతే ఇంకో ఎకరం కంది చేను తొక్కడానికైనా నేను సిద్ధం.

దూరం నుంచి మా అత్త అరుపు వినపడింది. "కోడలా! బతికున్నవా? కందులు ఖరాబైనయా?"

చేను రైతు కూడా వచ్చాడు. నడివయసు మనిషి. విరిగిన మొక్కలు చూశాడు, బండి చూశాడు, కంది పూలు పెట్టుకున్న నన్ను చూశాడు. "అక్కా, నీకు కందికాయ కావాల్నంటే అడుగరాదు? గిట్ల బండి మీద రావాల్నా?" అన్నాడు. నష్టం మాట ఎత్తితే వినలేదు. చేలో రెండో వైపు ముందుగా కాసిన కాయ ఉంటే, తానే తెంపి మా అత్త ఒళ్ళో పోశాడు. సాయంత్రం ఆ పచ్చికాయ ఉప్పేసి ఉడకబెట్టుకుని నలుగురం వాకిట్లో కూర్చుని తిన్నాం. తింటూ తింటూ బిడ్డ తన చేతివైపు చూసుకుంది.

"అమ్మా, నేను బండి ముట్టిన," అంది.

మేం తలెత్తకుండా కాయలు ఒలుస్తూనే ఉన్నాం. ఏమన్నా అంటే ఎక్కడ చెదిరిపోతుందోనని భయం. బిడ్డే మళ్ళీ అంది. "డాడీ ఒర్రుడు తప్ప ఏం నేర్పిస్తలేడు. రేపటికెల్లి నేను నేర్పిస్త."

ఏ బండీ ఎక్కని పిల్ల నాకు బండి నేర్పింది. బడి నుంచి రాగానే ఇద్దరం మోపెడ్ తోసుకుంటూ ప్లాట్ల జాగాకు వెళ్ళేవాళ్ళం. నేను నడిపేదాన్ని, తను పక్కనే నడుస్తూ చెప్పేది. నా నడపడం ఎంత నెమ్మదంటే ఆమె నడక సరిపోయేది. "చేయి అంత గట్టిగ పట్టకు. దూరం చూడు. భయమైతే ఊపిరి ఇడువు, కనవడ్తున్నయి పైకి చెప్పు." డాక్టరమ్మ మాటలు నాకే అప్పజెప్తోంది. నేను బుద్ధిగా "మేక కనవడ్తుంది, రాయి కనవడ్తుంది," అంటూ నడిపేదాన్ని.

కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం, మలుపులో నేను మళ్ళీ కాలు కింద పెట్టేసరికి విసుగొచ్చి, "దిగు, నేను చూపిస్త," అంది. దిగాను. ఎక్కింది. సైకిల్ వచ్చిన పిల్ల కదా, జంకు లేకుండా ఆ మలుపు తిరిగింది. రోడ్డు చివరిదాకా పోయి, వెనక్కి తిరిగి నా ముందు ఆపింది. ముఖమంతా చెమట. వేళ్ళు హ్యాండిల్‌కు అతుక్కుపోయినట్టున్నాయి.

"నా చేతుల ఉంటే అంత భయమైతలేదమ్మా," అంది. "ఎప్పుడాపాల్నో నాకే తెలుస్తది కదా."

లైసెన్సు వయసు రాలేదు కాబట్టి ప్లాట్ల జాగా దాటకూడదని ఒప్పందం చేసుకున్నాం. నేను లైసెన్సు పరీక్షలో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కాను. అప్పుడు వెనక కూర్చుంటానంది, ఒక షరతు మీద. భుజం మీద ఒకసారి తడితే నెమ్మది చేయాలి, రెండుసార్లు తడితే ఎక్కడున్నా ఆపాలి, ఎందుకని అడగకూడదు. మొదట్లో బడిదాకా వెళ్ళేసరికి నా భుజం వాచేది. నడక కన్నా ఆలస్యంగా చేరేవాళ్ళం. సైకిల్ మీద పాలు తెచ్చే తాత మమ్మల్ని దాటుతూ రోజూ దండం పెట్టేవాడు. పోనుపోను తట్టడం తగ్గింది. దాని బదులు మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇది నేను అనుకోని లాభం. ఇంట్లో ఎదురుగా కూర్చుని అడిగితే పెదవి విప్పని పిల్ల, బండి మీద నా వెనక కూర్చుంటే అన్నీ చెప్పేది. ముఖాలు కనపడవు కదా. బడిలో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, సైన్సు సార్ ఎలా నడుస్తాడు, అన్నీ నా చెవి వెనక వినేదాన్ని. ఒకరోజు ఆ గొంతు మారింది.

"అమ్మా, నేను ఆటోల ముందుగాల అంచుకు కూసున్న. గా అవ్వ ఎక్కి, 'నువ్వు లోపలికి జరుగు బిడ్డా' అన్నది. నేను జరిగిన. ఆమె నా జాగల కూసున్నది." నా భుజం గట్టిగా పట్టుకుంది. "నా జాగల పోయింది."

నేను బండి ఆపబోయాను.

"ఆపకు. నడుపుకుంట విను," అంది.

నడుపుతూ విన్నాను. రోడ్డు సరిగా కనపడలేదు గాని నడిపాను.

డాక్టరమ్మకు తనే చెప్పింది. డాక్టరమ్మ అంతా విని, "ఆమె ఇంటోల్లను చూడాల్నని ఉందా?" అని అడిగింది. ఉందో లేదో చెప్పడానికి బిడ్డకు చాలా నెలలు పట్టింది. చివరికి అంది, "పోత. అమ్మ బండి మీదనే పోత."

ఆ అవ్వ ఊరు కర్ణాటక పొలిమేరలో ఉంది. ఇల్లు మా అమ్మ కనుక్కుని, వస్తామని ముందే కబురు పెట్టింది. మరుసటి ఏడాది క్రిస్మస్ అయిన వారానికి బయల్దేరాం. పండుగకు చేసిన గరిజెలు, అదే కజ్జికాయలు, మా అత్త డబ్బానిండా సర్ది ఇచ్చింది. దారిలో ఒకచోట నా భుజం మీద రెండుసార్లు తట్టింది. ఆపాను. ఆటో పడింది అక్కడేనని నాకు తెలుసు. జొన్న చేను కంకి మీద ఉంది, పిట్టలు వాలుతున్నాయి, ఎవరో పాత చీరతో దిష్టిబొమ్మ కట్టారు. బిడ్డ దిగి చాలాసేపు చూసింది.

"గింతేనా?" అంది. "నాకు గుర్తున్నది చాన పెద్దగ ఉండె." మళ్ళీ ఎక్కింది.

ఆ ఇంట్లో అవ్వ కోడలు వాకిట్లో పత్తి ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచి, "ఊట ఆయ్తా?" అంది, వాళ్ళ వైపు మాటలో, తిన్నారా అని. గడ్డపెరుగు చల్ల చేసి ఇచ్చింది. బిడ్డ గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు. తలవంచుకుని, దారంతా మనసులో అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అంచున కూర్చున్నది తనేనని, అవ్వ జరగమందని, తను జరిగిందని.

ఆమె విన్నది. "ఏ జాగ? అంచుదా?" అంది. కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళతోనే ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నేను భయపడ్డాను.

"అయ్యో నా బిడ్డా! మా అత్త జన్మల ఎన్నడన్న లోపల కూసున్నదా? నోట్ల ఎప్పటికీ తంబాకు ఉండె. ఊంచనీకి అంచే కావాల్నాయె! బస్సు ఎక్కినా కిటికీ ఆమెదే. ఎవరు కూసున్నా లేపుతుండె." లోపలికి తిరిగి పిలిచింది. "ఓ, జర ఇటు రా! మీ అవ్వ ఏడ కూసుంటుండెనో ఈ పోరికి చెప్పు."

ఆమె భర్త, ఆ అవ్వ కొడుకు, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సంగతి విని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "చిన్నప్పుడు కిటికీ కోసం నేను ఎన్నిసార్లు తన్నులు తిన్ననో ఎరుకేనా?" అన్నాడు. "మా అవ్వ దేవుని రథం ఎక్కినా, దేవున్ని లోపలికి జరుపుతది."

నా బిడ్డ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. నిజమేనా, నన్ను ఊరడించడానికి అంటున్నారా అని వెతుకుతున్నట్టుంది. అప్పటికి పక్కింటివాళ్ళు చేరారు. ఒకామె, తన తెల్లచీర మీద అవ్వ బస్సు కిటికీలోంచి ఊసిన మరక ఇంకా పోలేదని చెప్పింది. ఇంకొకాయన, పెళ్ళివాళ్ళ జీపులో అంచు సీటు కోసం పెళ్ళికొడుకునే జరిపిన కథ చెప్పాడు. ఒక్కొక్కరూ చెప్తుంటే బిడ్డ ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ ఏడుస్తోంది, చల్ల గ్లాసు ఒలికిపోతోంది.

ఆ కోడలు నా బిడ్డ తల తన ఒళ్ళోకి తీసుకుంది. "ఆమె పోయిందని మస్తు ఏడ్చినం. గా ఆటోల ఒక పోరి ఉండె, బతికిందట అని తెలిసిన నాడు మా ఊరంత సంతోషపడ్డది. నువ్వు బతికినవని ఏడ్చినోల్లు ఈడ ఎవ్వరు లేరు బిడ్డా."

తర్వాత జొన్నరొట్టెలు, పుంటికూర, పచ్చికారం పెట్టింది. నా బిడ్డ ఎన్ని రొట్టెలు తిన్నదో నేను లెక్కపెట్టలేదు గాని ఆమె మళ్ళీ పిండి కలపాల్సి వచ్చింది.

మేం బయల్దేరే వేళకు ఆమె కూడా తయారైంది. ఖేడ్‌లో దర్జీ దగ్గర జాకెట్లు తెచ్చుకోవాలట. ఆటో ఊరి మొదట్లో నిలబడి ఉంది. వెళ్ళబోతూ మామూలుగా అడిగింది. "నాతోని ఆటోల వస్తవా? ముచ్చట పెట్టుకుంట పోదాం. మీ అమ్మ బండి మీద వస్తది."

నేను వద్దని చెప్పబోయాను. డాక్టరమ్మ చెప్పిన మెట్లలో ఆటో ఇంకా చాలా పైన ఉంది. కానీ బిడ్డ నావైపు చూడటం లేదు, ఆటోవైపు చూస్తోంది. దాని చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి మూడు టైర్లూ చూసింది. డ్రైవర్‌తో, "అన్నా, మెల్లగ నడుపుతవా? ఆపమంటే ఆపుతవా?" అని అడిగింది. అతను తల ఊపాడు. ఎక్కి, ఆమెకూ కోడిపుంజును ఒళ్ళో పెట్టుకున్న ఇంకొకామెకూ నడుమ కూర్చుంది.

నేను వెనక మోపెడ్ మీద బయల్దేరాను. ముందు ఆటో, వెనక నేను. వెనక పరదా సందులోంచి బిడ్డ ముఖం కనపడుతోంది. మొదట తెల్లగా పాలిపోయి ఉంది, పెదవులు కదులుతున్నాయి. ఏం కనపడుతోందో చెప్పుకుంటోందని నాకు తెలుసు. కోడి కనవడ్తుంది, అమ్మ కనవడ్తుంది అని కాబోలు. ఒకచోట ఆటో ఆగింది. నేనూ వెనకే ఆపాను. కాసేపటికి మళ్ళీ కదిలింది. పత్తి లారీ ఒకటి హారన్ కొడుతూ ఎదురొచ్చింది, దాటిపోయింది. ఆ తర్వాత చూస్తే బిడ్డ పరదా పక్కకు తీసి చేయి ఊపుతోంది.

"అమ్మా! జల్దీ రా! రేజ్ ఇయ్యి!"

నేను ఇచ్చాను. ఆ రోజు నడిపినంత వేగంగా అంతకుముందు గాని తర్వాత గాని నడపలేదు. అయినా అందుకోలేకపోయాను.

నేను ఖేడ్ చేరేసరికి బిడ్డ ఆటో దిగి నాకోసం చూస్తోంది. "చూడు," అని చెమటకు తడిసిన అరచేతులు చూపించింది, బహుమతి గెలిచినట్టు. అక్కడే మిర్చి బజ్జీల బండి ఉంటే నిలబడి తిన్నాం, ముగ్గురం. మా ఆయనకు ఫోన్ చేసి చెప్పింది. అవతల ముక్కు చీదిన చప్పుడు వినపడింది. "డాడీ, ఏడుస్తున్నవా?" అంది బిడ్డ. సిమెంటు దుమ్ము కళ్ళల్లో పడిందన్నాడట.

దాంతో అన్నీ తీరిపోయాయని రాస్తే అబద్ధమవుతుంది. ఆ తర్వాత కూడా చెడ్డ రోజులు వచ్చాయి. ఇప్పటికీ కుక్కర్ పెడితే "విజిల్ వస్తది" అని ముందే కేకేస్తాం. దీపావళికి మా అమ్మ ఊరు వెళ్ళిపోతాం, అక్కడ చేలమధ్య చప్పుడు తక్కువ. సీతాఫలం ఇంకా ముట్టదు. ముట్టకపోతే ఏం, జామపండ్లు తింటుంది. మందులు తగ్గించారు. డాక్టరమ్మ నెలకోసారి చాలంది.

ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీకి బస్సులో వెళ్తుంది. సీటు దొరకలేదని, ఎవరో కాలు తొక్కారని, కండక్టర్ చిల్లర ఇవ్వలేదని తిట్టుకుంటూ వస్తుంది. ఆ తిట్లు నాకు ఎంత ఇంపుగా ఉంటాయో తనకు చెప్పను. చెప్తే తిట్టడం మానేస్తుంది. ఆ అవ్వ కోడలి ఇంటికి రాకపోకలు నడుస్తున్నాయి. వాళ్ళింట్లో శనగలు వస్తే మాకో సంచి, మా ఇంట్లో గరిజెలు చేస్తే వాళ్ళకో డబ్బా.

మొన్న కాలేజీవాళ్ళు బీదర్ కోట చూడటానికి బస్సు కట్టారు. నేను మూడు రోజులు ఒప్పుకోలేదు. అందరూ వెళ్తున్నారని అలిగింది, అన్నం మానేసింది, తలుపు వేసింది. గొళ్ళెం మళ్ళీ ఊడింది. మా అత్త నన్ను పక్కకు పిలిచి, "పోనియ్యవే. నువ్వు పంపకుంటే నేను పంపుత," అంది. పంపాను. బస్సు కదిలిన దగ్గరనుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎక్కడున్నావు, తిన్నావా, డ్రైవర్ ఎలా నడుపుతున్నాడు. నాలుగోసారికి బిడ్డ పెద్దగా నిట్టూర్చింది. వెనక స్నేహితురాళ్ళ కేకలు, పాటలు.

"అమ్మా, నువ్వు పరేషాన్ కాకు. ఊపిరి ఇడువు. నీకేం కనవడ్తుందో నానమ్మకు చెప్పుకుంట కూసో. నేను కోట ఎక్కుతున్న, ఫోన్ పెట్టేస్తున్న."

పెట్టేసింది. పక్కనే ఉన్న మా అత్త ఏమందని అడిగింది. చెప్పాను. ముందుపళ్ళు లేని నోటితో ఎంత నవ్విందో! నవ్వుతూనే, "అయితే చెప్పు మరి, ఏం కనవడ్తుంది?" అంది.

సాయంత్రం బిడ్డ ఎండకు కందిపోయి, గొంతు బొంగురుపోయి వచ్చింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది. కోట గోడ ఇంత లావట, చుట్టూ కందకాలట, ఒక కోతి సార్ టోపీ ఎత్తుకుపోయిందట, అందరూ దాని వెంట పరిగెత్తారట. మా అత్త కోతి కథ మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పింది, ఈసారి కోతి ఇంకొంచెం పెద్దదైంది. నేను వడ్డించిన అన్నం ముగ్గురి కంచాల్లోనూ చల్లారిపోయింది.